దొరసాని వంశవృక్షం, మా మేనరికం

మొన్న ఆదివారం ఓక్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక, పన్నెండో తరగతి చదివే మా మనవరాలు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి నా పక్కన సోఫాలో కూలబడింది. వంశవృక్షం తయారు చేస్తోందట. వాళ్ళ నాన్న వైపు పని గంటలో అయిపోయింది గానీ అమ్మ వైపుకు వచ్చేసరికి కంప్యూటరు మొరాయిస్తోందని దాని ఫిర్యాదు. నా తాతగారి పేరు ఎక్కించి, ఆ తర్వాత మా ఆయన తాతగారి పేరు ఎక్కించబోతే, ఈ మనిషి ఇప్పటికే ఉన్నాడు, పొరపాటున రెండోసారి రాస్తున్నారేమో చూసుకోండి అని హెచ్చరిక వస్తోందట. "అమ్మమ్మా, ఇట్స్ ద సేమ్ గై, రైట్?" అంది. అవునే, ఇద్దరికీ ఆయనొక్కడే తాత, నాకు నాన్న నాన్న, మీ తాతయ్యకి అమ్మ నాన్న అన్నాను. అది కళ్ళు చిట్లించి కాసేపు ఆలోచించి, "ఓహ్, ఓకే, కూల్" అని రెండు గీతల్నీ ఒకే పెట్టె దగ్గరికి లాగి కలిపేసి, ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ ఉందేమో చూడటానికి లేచిపోయింది.

అంతే, అయిపోయింది. అదే సంగతి నోరు తెరిచి చెప్పడానికి నాకు ఒకప్పుడు అయిదు నెలలు పట్టింది. నా ఈడు వాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారో, మాదీ అదే కథ అంటారో తెలియదు గానీ, ఆ రోజంతా నాకు సస్కటూన్‌లోని ఒక పాత చెక్క ఇల్లూ, అందులో భోజనాల బల్ల మీద పరిచిన బారెడు కాగితమూ కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం కాదుగానీ, ఇంచుమించు అలాంటిదే. తాతయ్య పోతూపోతూ తన కొడుకు కూతుర్ని తన కూతురు కొడుక్కి ఇవ్వమని చెప్పిపోయాడు, అయిదెకరాల మాగాణి రెండు ముక్కలు కాకుండా ఉంటుందని ఆయన ఆశ. మా అమ్మా నాన్నదీ మేనరికమే. కాబట్టి అత్తారింటికి వెళ్ళడమంటే మా అత్తయ్య ఇంటికి వెళ్ళడమే, అక్కడ ఏ గిన్నె ఎక్కడుంటుందో, మామయ్యకి ఏ కూర పడదో నాకు ముందే తెలుసు. బావ అప్పటికే కెనడాలో సస్కటూన్ యూనివర్సిటీలో గోధుమ మీద పరిశోధన చేస్తున్నాడు. పెళ్ళికని వచ్చి, నెల తిరక్కుండా నన్ను కూడా తీసుకుని, సరిగ్గా ఫిబ్రవరి చలిలో దించాడు. ముక్కులో తడి గడ్డకట్టడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది నాకు.

మేం ఉండేది ఒక ముసలావిడ ఇంటి కింద, బేస్‌మెంట్‌లో. ఆవిడ ఇంగ్లండులో పుట్టి, వయసులో ఉండగా ఒక్కతే ఓడెక్కి వచ్చి, ప్రెయిరీ మైదానాల్లోని పల్లెటూళ్ళ బళ్ళలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నిటారుగా నడిచేది, టీ కప్పు పట్టుకుంటే చిటికెన వేలు కదిలేది కాదు, చెప్పులు వాకిట్లో విడిచిపెట్టకపోతే ఒప్పుకునేది కాదు. మా ఇద్దరి మధ్యా ఆవిడ పేరు దొరసాని. ఎదురుగా మాత్రం ఎంతో వినయం.

ఏప్రిల్ మొదట్లో నాకు నెల తప్పింది. క్లినిక్‌కి వెళితే ముందుగా ఒక ఫారం ఇచ్చారు. అందులో రెండు ప్రశ్నలు. మీకూ మీ భర్తకూ రక్తసంబంధం ఉందా? మీ కుటుంబాల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను కలం పట్టుకుని ఆలోచిస్తుంటే బావ నా చేతిలోంచి తీసుకుని, రెండింటికీ లేదు, లేదు అని టిక్కులు పెట్టి ఇచ్చేశాడు. బయటికొచ్చాక అడిగితే, "ఎందుకే వాళ్ళకివన్నీ? మనల్నేదో అడవి మనుషుల్లా చూస్తారు. నోరు మూసుకునుంటే పోతుంది" అన్నాడు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు వారం ముందే ఎవరో ఉత్తరాది ప్రొఫెసరుగారి ఇంట్లో విందులో, దక్షిణాదిలో అన్నాచెల్లెళ్ళు పెళ్ళి చేసుకుంటారటగా అని ఆయన భార్య ముఖం చిట్లిస్తే, మేమిద్దరం పూరీ ముక్క నోట్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాం.

మొదటి అబద్ధం కంటే రెండోది నన్ను ఎక్కువ కోసింది. నాకొక తమ్ముడు, పుట్టుచెవుడు. మాట రాలేదు. తెనాలిలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు, వాడి వేళ్ళంత చురుగ్గా సీసపు అక్షరాలు ఏరేవాళ్ళు ఆ ప్రెస్సులో మరొకరు లేరని యజమాని అందరితోనూ చెప్పుకునేవాడు. చిన్నప్పుడు వాడి చేతి సైగలన్నీ ఇంట్లో నాకే తెలుసు, అమ్మ కూడా నన్ను పిలిచి వీడేమంటున్నాడే అని అడిగేది. వాడంటే నాకు ప్రాణం. అలాంటి తమ్ముడు ఉన్నదాన్ని, ఆ దేశంకాని దేశంలో, మంచు కరిగి కారుతున్న చూరు కింద నిలబడి, నా బిడ్డ మాత్రం వాడిలా పుట్టకూడదు దేవుడా అని రోజూ మొక్కుకున్నాను. ఆ మొక్కు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఎవరికీ చెప్పుకోలేను, బావతో ఎత్తితే మాట మార్చేవాడు, ఇంటికి ఉత్తరం రాస్తే ముందు చదివేది తమ్ముడే.

ఆ నెలలోనే మంచు నీళ్ళు బేస్‌మెంట్‌లోకి దిగాయి. మా మంచం కాళ్ళు తడిశాయి, వాటితో పాటు మూలనున్న దొరసాని ట్రంకుపెట్టె కూడా తడిసింది. ఆవిడ పెద్దమనిషి తరహా అంతా పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టెలోంచి ఒక కాగితపు చుట్ట తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. ఆరబెట్టి చూస్తే సగం ఇంకు అలికిపోయింది. అది వాళ్ళ వంశవృక్షం, వాళ్ళ నాన్నకు అక్క రాసిందట. నేను బోటనీ చదివినదాన్ని, ఆకుల ఈనెలు ఒక్కొక్కటీ చెక్కిన పెన్సిలుతో గీసి రికార్డు పుస్తకాలు నింపినదాన్ని. గీసి పెట్టగలనన్నాను. కెనడాలో అదే నా మొదటి ఉద్యోగం.

ఇంకేం, రోజూ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర ఇద్దరం కూర్చునేవాళ్ళం. చుట్ట మళ్ళీ ముడుచుకోకుండా నాలుగు మూలలా నాలుగు టీ సాసర్లు పెట్టేది. వాళ్ళది ఇంగ్లండులో ఏదో పల్లెలో భూములున్న కుటుంబం. బిరుదులున్న జమీందార్లు కారు, అలాగని దున్నుకునే రైతులూ కారు, కౌలుకిచ్చి, గుర్రాలెక్కి, పెద్దకొడుకు భూమి చూసుకుంటే రెండోవాడు సైన్యానికీ మూడోవాడు చర్చికీ పోయే రకం. అలాంటివే రెండిళ్ళు, ఒకటి గుట్ట మీద, ఒకటి వాగు పక్కన. ఆరు తరాల పాటు ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికీ ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికీ. పెళ్ళి అయితే ఇద్దరి పేర్ల మధ్యా రెండు అడ్డగీతలు గీయాలి, పిల్లలకి కిందికి ఒక నిలువు గీత. గీస్తూ గీస్తూ పోతే నాలుగో తరం దగ్గరికి వచ్చేసరికి, ఎక్కణ్ణుంచో దిగిన గీత మళ్ళీ చుట్టు తిరిగొచ్చి తన మేనత్త కొడుకు పక్కనే ఆగుతోంది. ఇదేమిటని అడిగాను. ఇద్దరి పొలాల మధ్యా ఉన్న కంచె తీసేయడం కోసం అందావిడ, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

నాకు ఒక్కసారి మా తాతయ్య గుర్తొచ్చి నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు. నా గుండెల్లో మాత్రం ఏదో చిన్న రాయి కదిలినట్టయింది. చిటికెన వేలు కదపకుండా టీ తాగే ఈ మనుషులు కూడానా అనుకున్నాను.

కానీ అన్నీ కలిసొచ్చాయనుకోకండి. ఒకరోజు ఇద్దరన్నదమ్ముల పిల్లలు పెళ్ళాడిన చోటికి వచ్చి నా పెన్సిలు ఆగిపోయింది. పెదనాన్న కొడుకంటే సాక్షాత్తూ అన్న, వాణ్ణి ఎలా చేసుకుంటుంది, మీరేదో తప్పు రాశారు అన్నాను. తప్పేం లేదు, తనకి కూడా అలాంటి సంబంధమే చూశారని, బాబాయి కొడుకే వరుడని, తన పెళ్ళితో కంచె తీయించడం ఇష్టం లేకే ఓడెక్కానని చెప్పింది. నేను నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. మా వైపు కొందరు సొంత మేనమామనే చేసుకుంటారని చెప్పగానే ఆవిడ కప్పు కింద పెట్టేసింది. భార్య పోతే ఆమె చెల్లెల్ని చేసుకోవడం వాళ్ళ చట్టంలో చాలాకాలం చెల్లేది కాదట. మా ఊళ్ళో అయితే పిల్లల్ని సవతి తల్లి చేతిలో పెట్టకుండా పిన్నికే అప్పగించారని మెచ్చుకుంటారు. ఒకరి పద్ధతికి ఒకరం ఛీ అనుకుని, అంతలోనే మొహాలు చూసుకుని, ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. ఆవిడ అంత గట్టిగా నవ్వగా అప్పుడే చూశాను.

అన్ని మాటలు దొర్లాయి కదా, నా సంగతి మాత్రం నా నోట రాలేదు. నీదీ గీసి చూపించమని ఆవిడే ఒకసారి ఓ తెల్ల కాగితం నా ముందు పెట్టింది. నేను తాతయ్య నుంచి మొదలుపెట్టి, నాన్న దగ్గర నా గీతా, అత్తయ్య దగ్గర ఎవరో ఒకరి గీతా దించి, నా భర్త పేరు మాత్రం వేరే మూల ఏ సంబంధమూ లేనట్టు రాశాను. నా పక్కన అక్క పేరు రాశాను. తమ్ముడి పేరు రాయలేదు. ఆ కాగితం ఆవిడ మెచ్చుకుని దాచుకుంది. నేను కిందికి వచ్చి మంచం మీద పడుకుని దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

సెప్టెంబరు వచ్చింది. బావ కోతల పేరుతో పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. వంశవృక్షం చివరి వరుసకి వచ్చింది, దొరసాని నాన్న, ఆయన అక్క, మిగిలిన తోబుట్టువులు. పాత కాగితంలో ఉన్నవన్నీ ఎక్కించి, ఇక అయిపోయిందని నేను పెన్సిలు పక్కన పెట్టబోతుంటే ఆవిడ ఆగమంది. తన నాన్న పేరు పక్కన ఇంకొక గీత దించమంది. పాత కాగితంలో అక్కడ ఏమీ లేదు, తడిసి పోవడం కాదు, అసలు రాయనే లేదు. నాన్నకి ఒక తమ్ముడుండేవాడని, పుట్టుచెవుడని, పై అంతస్తులో ఒక గదిలో ఉండేవాడని, చిన్నప్పుడు తానొక్కతే వేళ్ళతో ఆయనతో మాట్లాడేదని చెప్పింది. ఈ కాగితం రాసింది పెళ్ళి సంబంధాల వాళ్ళకు చూపించడానికి గనక, ఇంట్లో ఆడపిల్లలకి సంబంధాలు చెడతాయని మేనత్త ఆయన్ని వదిలేసిందట. తనకి ఇక పెళ్ళి చేయాల్సిన ఆడపిల్లలెవరూ లేరు కదా, రాసెయ్యి అంది. తన కలం తీసుకుని, ఆయన పేరు తానే ఇంకుతో రాసింది.

మా అక్కకి పెళ్ళిచూపులనాడు మా తమ్ముడికి కొత్త చొక్కా తొడిగి, మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, పక్క ఊరికి పంపేశారు. వాడికేదో పండుగనుకుని నవ్వుతూ బండెక్కాడు. ఆ చొక్కా, ఆ నవ్వు, అన్నీ ఆ బల్ల దగ్గర నా మీద పడ్డాయి. నా భర్త మా నాన్న చెల్లెలి కొడుకు, మా తమ్ముడికి వినపడదు, డాక్టరుకి రెండూ అబద్ధం చెప్పాం అని నా వచ్చీరాని ఇంగ్లీషులో గబగబా చెప్పేసి, మొహం చేతుల్లో దాచుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి, నేను గీసిచ్చిన తెల్ల కాగితం తెచ్చి, నా ముందు పెట్టి, రబ్బరూ పెన్సిలూ పక్కన పెట్టింది. సరిచేసేదాకా కదలలేదు. ఆ తర్వాత ఫోను దగ్గరికి వెళ్ళి క్లినిక్‌కి తానే ఫోన్ చేసి మర్నాటికి టైము అడిగింది.

ఆ సాయంత్రం బావకి చెబితే చిందులు తొక్కుతాడనుకున్నాను. "చెప్పేశావా?" అన్నాడు. "చెప్పేశాను." "మొత్తం? వాడి సంగతి కూడా?" "వాడి సంగతి కూడా." బూట్లు విప్పుకుంటున్నవాడు అలాగే కింద కూర్చుండిపోయాడు. "హమ్మయ్య. నాకు నిద్దర పట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?" అన్నాడు. అప్పుడు తెలిసింది, పొలంలో ప్రతి గోధుమ మొక్కకీ తల్లెవరు తండ్రెవరు అని ఫీల్డు పుస్తకంలో రాసుకునే ఈ మనిషి, దగ్గరి మొక్కల్ని కలిపితే ఏమవుతుందో అందరికంటే ఎక్కువ తెలిసిన ఈ మనిషి, ఆ తెలివంతా లోపల పెట్టుకుని, నాకంటే ఎక్కువ వణికిపోతున్నాడని. గోధుమ వంశం ఎనిమిది తరాలు తడబడకుండా చెప్పగలడు, తన వంశం రెండు తరాలు చెప్పడానికి కలం రాలేదు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ దెప్పుతుంటాను.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. డాక్టరుగారికి కోపం రాలేదు, వెగటూ రాలేదు. ఆయన కూడా ఒక కాగితం తీసుకుని, ఆడవాళ్ళకి సున్నాలూ మగవాళ్ళకి చదరాలూ గీస్తూ, మా అమ్మానాన్నల సంగతీ తమ్ముడి సంగతీ ఓపిగ్గా అడిగి రాసుకున్నారు. మామూలు వాళ్ళకంటే మా బిడ్డకి అలాంటి లోపం వచ్చే అవకాశం కాస్త ఎక్కువ ఉన్న మాట నిజమేగానీ, నేను ఊహించుకుంటున్నంత లేదన్నారు. పుట్టాక చెవుల డాక్టరుకి చూపిద్దాం, వినపడకపోతే మొదటి రోజు నుంచే చేయవలసినవి చాలా ఉంటాయి, తెలియకపోతేనే నష్టం అన్నారు. అంతే. అయిదు నెలలుగా నేను మోసిన బరువు ఆయనకి అరపేజీ కాగితం. ఇంటికి వచ్చి ఆ పూట రెండుసార్లు అన్నం వండుకుని తిన్నాను.

నవంబరు చివర్లో అమ్మాయి పుట్టింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు ఇంకా చాలా దూరం ఉండగానే, ఒక పొద్దున బావ పప్పు దించబోయి కుక్కరు మూత చెయ్యి జారి నేల మీద పడేశాడు. ఆ మోతకి పొత్తిళ్ళలో పిల్ల ఉలిక్కిపడి చేతులు రెండూ పైకి విసిరి కెవ్వుమంది. ఇద్దరం కదల్లేదు. బావ ఆ మూత ఏరి, నా వంక చూసి, కావాలని మళ్ళీ పడేశాడు. అది మళ్ళీ కెవ్వుమంది. పైనుంచి దొరసాని ఏం జరిగిందోనని మెట్లు దిగి వచ్చేసరికి, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, మేమిద్దరం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాం. నాకు అంతకంటే తీయని ఏడుపు ఇంతవరకూ వినిపించలేదు.

తమ్ముడికి ఉత్తరంలో అన్నీ రాశాను, నా మొక్కు కూడా రాశాను. వాడి జవాబులో ఆ ఊసే లేదు. కవరులో ఒక చిన్న అట్టముక్క, దాని మీద పెద్ద సీసపు అక్షరాలతో, చుట్టూ పువ్వుల అంచుతో, మా అమ్మాయి పేరు అచ్చు వేసి పంపాడు. కింద సన్నటి అక్షరాల్లో, మేనమామ అని తన పేరు.

ఇప్పుడు ఆ తమ్ముడూ లేడు, దొరసానీ లేదు. మా అమ్మాయి గుజరాతీ అబ్బాయిని చేసుకుంది, అక్క పిల్లలు ఒకళ్ళు సిడ్నీలో, ఒకళ్ళు బెంగళూరులో. మా గీతలు ఇక చుట్టు తిరిగి ఎక్కడా కలవవు, బయటికే పోతుంటాయి. అది మంచిదే, డాక్టర్లూ అదే అంటారు, నేనూ అంటాను. మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు నేను పక్కన కూర్చుని ఉండగానే, మా అమ్మానాన్నలు కజిన్స్, మా మామయ్య డెఫ్ అని నర్సుతో ఇంటి చిరునామా చెప్పినంత తేలిగ్గా చెప్పేసి తర్వాతి ప్రశ్నకి పోయింది. నాకు ఆ క్షణాన ఎంత హాయిగా అనిపించిందో. పురిటి గదిలోంచి ఇంటికి పంపే ముందే ఇప్పుడు పసిపిల్లలందరికీ చెవులు పరీక్ష చేస్తారట, మూతలు పడేయక్కర్లేదు.

పోయినవి లేవని కాదు. మా మనవరాలికి మరదలా అని ఏడిపించే బావ లేడు, కొత్త కాపురానికి వెళ్ళేసరికి గిన్నెలెక్కడున్నాయో తెలిసిన అత్తయ్య ఇల్లు లేదు. మాకు ఎవరెవరికి ఏమవుతారో వేళ్ళ మీద తెలుసు, ఎవరికి ఏం కష్టమో మాత్రం పక్కింటికి కూడా తెలియనిచ్చేవాళ్ళం కాదు. వీళ్ళు కష్టం ఎవరికైనా చెప్పేస్తారు, వరసలు మాత్రం కంప్యూటరుని అడగాలి. రెండూ ఉంటే బాగుండునని నాకు ఆశ. కుదరదు, ఒకటే ఏరుకోమంటే మాత్రం నేను వీళ్ళ కాలాన్నే ఏరుకుంటాను, ఎందుకంటే వీళ్ళ కాలంలో అయితే ఆ పెళ్ళిచూపులనాడు మా తమ్ముడు ఆ కొత్త చొక్కాతో ఇంట్లోనే, అక్క పక్కనే కూర్చుని ఉండేవాడు.